చూడము అనడం వేరు, చూడలేము అనడం వేరు: సిగ్నల్ యాప్‌తో ఐదేళ్లు

వరంగల్ చుట్టుపక్కల మండలాల్లో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు రాసిపెట్టే పనిని మా పదకొండు మంది బృందం చాలా ఏళ్లుగా చేస్తోంది. మా దగ్గరికి వచ్చేవారు పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ నకలు, పింఛను తిరస్కరిస్తూ వచ్చిన ఉత్తర్వు, ఆసుపత్రి చీటీ లాంటి కాగితాలు తెస్తారు. వాటిని ఫోనులో ఫొటో తీసి, బృందంలో చట్టం బాగా తెలిసినవారికి పంపి, ఏ అధికారిని ఏ ప్రశ్న అడగాలో తేల్చుకుంటాం. ఒకసారి నేను పాసుపుస్తకం మొదటి పేజీని ఫొటో తీస్తుండగా ఒక పెద్దాయన, "సారూ, ఈ కాయితం ఎవలెవలు చూస్తరు?" అని అడిగాడు. "మేం పదకొండు మందిమే పెద్దయ్యా" అని చెప్పాను. చెప్పిన తరువాత, ఆ మాటకు నేను నిజంగా పూచీ పడగలనా అన్న సందేహం పట్టుకుంది. సిగ్నల్ అనే సందేశాల యాప్‌కు మా బృందం మారడానికి కారణం ఆ ప్రశ్నే.

మారింది మాత్రం 2021 జనవరిలో. వాట్సాప్ తన కొత్త గోప్యతా విధానానికి ఒప్పుకోవాలంటూ ఫిబ్రవరి 8 గడువుగా అందరి ఫోన్లలో ప్రకటన చూపించిన రోజులవి. నిరసన పెరిగాక ఆ గడువును మే 15కు జరిపింది. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ మార్పుతో వాట్సాప్ మన సందేశాలను చదవడం మొదలుపెట్టిందన్న ప్రచారం సరైనది కాదు. 2016 ఏప్రిల్ నుంచీ వాట్సాప్ సందేశాలన్నీ పంపినవారి ఫోనులో తాళం పడి, అందుకున్నవారి ఫోనులోనే తాళం తెరుచుకునే ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ పద్ధతిలోనే నడుస్తున్నాయి, పైగా ఆ పద్ధతిని రూపొందించింది సిగ్నల్ వెనక ఉన్నవారే. పేచీ అంతా ఉత్తరం చుట్టూ ఉన్న కవరు గురించి. ఎవరు ఎవరికి రాశారు, ఎంత తరచుగా రాశారు, ఏ ఫోను నుంచి, ఏ వేళలో, ఏ వ్యాపార సంస్థతో మాట్లాడారు అన్న వివరాలను మెటాడేటా అంటారు. అందులో ఎంత భాగం వాట్సాప్ యజమాని అయిన మెటా (అప్పటి పేరు ఫేస్‌బుక్) సంస్థకు చెందిన ఇతర వ్యాపారాలకు వెళుతుంది, వెళ్లకుండా ఆపే హక్కు మనకు ఉందా అన్నదే అసలు వివాదం. ఒక పల్లెటూరి రైతు ఫలానా తేదీ రాత్రి సమాచార హక్కు కార్యకర్తకు నాలుగుసార్లు ఫోను చేశాడని తెలిస్తే చాలు, లోపల ఏం మాట్లాడుకున్నారో ఎవరూ వినక్కర్లేదు.

ఆ పోరాటం ఇప్పటికీ కోర్టుల్లో నడుస్తోంది. 2021 విధానాన్ని మార్కెట్ ఆధిపత్య దుర్వినియోగంగా తేల్చి, భారత కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా విధించింది, ప్రకటనల కోసం సమాచారాన్ని పంచుకోవడంపై ఐదేళ్ల నిషేధం కూడా పెట్టింది. ఏడాది తిరిగేసరికి, 2025 నవంబరులో, అప్పీలు విన్న ట్రైబ్యునల్ జరిమానాను నిలిపి నిషేధాన్ని తీసేసింది. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వమే చెప్పిన లెక్క ప్రకారం దేశంలో వాట్సాప్ వాడేవారు 53 కోట్లు. అంతమంది చేరిన చోట ఇష్టం లేకపోతే వెళ్లిపోవచ్చు అనే మాటకు అర్థం ఉండదు. మండల కార్యాలయం నుంచి పిల్లల బడి వరకూ అందరూ అక్కడే ఉన్నప్పుడు వదిలి వెళ్లడమంటే ఊరిని వదిలి వెళ్లడమే. మేము సిగ్నల్‌కు మారుతున్నామంటే ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా ఇంట్లో అన్నవారున్నారు, వారిని తప్పుపట్టలేను.

సిగ్నల్‌ను నడిపేది లాభాపేక్ష లేని ఒక ఫౌండేషన్. 2018 ఫిబ్రవరిలో సిగ్నల్‌ను రూపొందించిన మాక్సీ మార్లిన్‌స్పైక్, బ్రయాన్ ఆక్టన్ కలిసి దాన్ని స్థాపించారు. ఆక్టన్ వాట్సాప్ సహ వ్యవస్థాపకుడు. 2014లో ఫేస్‌బుక్ 19 బిలియన్ డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించిన ఆ సంస్థను, ఆ తరువాతి యజమానినీ 2017లో వదిలి వచ్చి, తన సొంత సొమ్ము 5 కోట్ల డాలర్లతో ఈ ఫౌండేషన్‌కు పునాది వేశాడు. 2022 సెప్టెంబరు నుంచి దానికి అధ్యక్షురాలిగా ఉన్న మెరెడిత్ విట్టేకర్, అంతకుముందు గూగుల్‌లో పనిచేస్తూ 2018లో అక్కడి ఉద్యోగుల వాకౌట్‌ను నడిపించినవారిలో ఒకరు. వాటాదారులు లేరు, ప్రకటనలు లేవు, అమ్మడానికి వాడుకరుల జాబితా లేదు. యజమాని మంచివాడా కాదా అన్న దానికంటే, సంస్థకు ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందన్నదే గోప్యతను నిర్ణయిస్తుందని నేను నమ్ముతాను కనుక, ఏ యాప్‌నైనా చూసేటప్పుడు మొదట వెతికేది ఈ వివరమే.

అయితే మంచి ఉద్దేశాలు మాకు చాలవు. "మీ సమాచారం మేము చూడము" అని చెప్పే సంస్థలు ఎన్నో ఉన్నాయి. యజమాని మారితే, ప్రభుత్వం ఒత్తిడి చేస్తే, అప్పులు పెరిగితే ఆ మాట మారుతుంది. సిగ్నల్ చెప్పేది "చూడలేము" అని. ఈ మాటకు రుజువు 2016లోనే దొరికింది. అమెరికాలోని వర్జీనియా తూర్పు జిల్లా గ్రాండ్ జ్యూరీ (నేరారోపణకు ఆధారాలున్నాయా అని చూసే పౌరుల బృందం) రెండు ఫోను నంబర్ల గురించి ఉన్న సమాచారమంతా ఇవ్వమని ఆదేశించినప్పుడు, సిగ్నల్ దగ్గర ఉన్న ఒక నంబరుకు సంబంధించి ఇవ్వగలిగింది రెండే వివరాలు: ఖాతా తెరిచిన సమయం, చివరిసారి సర్వర్‌కు తగిలిన సమయం. పేర్లు, పరిచయస్థుల జాబితా, గ్రూపులు, సందేశాలు ఏవీ ఇవ్వలేదు, ఎందుకంటే అవి వాళ్ల దగ్గర లేవు. ఆ ఉత్తర్వును, తమ జవాబును అదే ఏడాది అక్టోబరులో బయటపెట్టారు కూడా. 2018లో వచ్చిన సీల్డ్ సెండర్ అనే ఏర్పాటుతో కవరు మీద పంపినవారి పేరు కూడా సర్వర్‌కు కనిపించకుండా చేశారు. పెద్దాయన ప్రశ్నకు నేను వెతుకుతున్న జవాబు ఇక్కడ దొరికింది: పదకొండు మందిమే చూస్తాం అని చెప్పేటప్పుడు, మధ్యలో ఉన్న సంస్థ మంచితనం మీద నేను ఆధారపడనక్కర్లేదు.

భావప్రకటన స్వేచ్ఛకూ దీనికీ సంబంధం ఏమిటని మా బృందంలోనే ఒకరు అడిగారు. బహిరంగంగా మాట్లాడే హక్కు ఉన్నవాడు చాటుగా ఎందుకు మాట్లాడాలి అన్నది ఆయన వాదన. నా అనుభవంలో ఏ దరఖాస్తూ బహిరంగంగా పుట్టదు. పంచాయతీ నిధుల లెక్క అడగాలా వద్దా, అడిగితే ఊళ్లో ఎవరితో వైరం వస్తుంది, ఎవరి పేరుతో వేయాలి అని నలుగురూ నమ్మకంగా మాట్లాడుకున్నాకే ఒకరు ధైర్యం చేసి సంతకం పెడతారు. గోడలకు చెవులున్నాయని తెలిసిన ఇంట్లో ఆ సంతకం దాకా ఎవరూ రారు. సుప్రీంకోర్టు ఈ మాటను ఎప్పుడో చెప్పింది. ఫోన్ ట్యాపింగ్‌పై పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ వేసిన కేసులో 1996 డిసెంబరులో ఇచ్చిన తీర్పు, చట్టబద్ధమైన పద్ధతి లేకుండా ఫోను వినడం జీవితానికి, వ్యక్తిగత స్వేచ్ఛకు చెందిన 21వ అధికరణతో పాటు వాక్ స్వేచ్ఛకు చెందిన 19(1)(ఎ) అధికరణకు కూడా భంగమేనని తేల్చింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా గుర్తించింది. తీర్పులు ఉన్నా చెవులు మాయం కాలేదని తెలంగాణవాసులకు విడిగా చెప్పాల్సిన పనిలేదు. 2024 మార్చిలో హైదరాబాద్‌లో కేసు నమోదై పోలీసు అధికారుల అరెస్టుల దాకా వెళ్లిన ఫోన్ ట్యాపింగ్ వ్యవహారం తరువాత, మామూలు ఫోను కాల్‌లో పేర్లు పలకడానికి మా బృందంలో ఎవరూ ఇష్టపడడం లేదు. సిగ్నల్ కాల్ కూడా సందేశంలాగే తాళంతో వెళుతుంది కనుక ఇప్పుడు పనికి సంబంధించిన సంభాషణలన్నీ అందులోనే.

ఇక్కడ ఒక పక్కమాట చెప్పకుండా ఉండలేను. గోప్యత అనే ఇదే మాటను మాకు అడ్డుగా కూడా వాడుతున్నారు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోని 44(3) సెక్షన్, సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపునిచ్చే 8(1)(జె)ని మార్చివేసింది. ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఒక అధికారి చేసిన ఖర్చు, ఒక లబ్ధిదారుల జాబితా అడిగితే "వ్యక్తిగత సమాచారం" అన్న రెండు మాటలతో తిప్పి పంపే దారి దీనితో వెడల్పయింది. అధికారం లేనివారి ఫోనుకు గోప్యత, అధికారం ఉన్నవారి దస్త్రానికి పారదర్శకత ఉండాలన్నది మా బృందం మొదటి నుంచీ నిలబడిన చోటు. చట్టం దాన్ని తలకిందులు చేస్తుంటే బాధగా ఉంది.

సిగ్నల్‌కు వ్యతిరేకంగా వచ్చే వాదనల్లో నేను తేలిగ్గా కొట్టిపారేయలేనిది వదంతుల గురించినది. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న అబద్ధపు సందేశాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఊరూరా తిరిగాయి, అమాయకుల మీద దాడులు జరిగాయి. ఆ ఘటనల తరువాతే సందేశాన్ని మొదట పుట్టించినవారిని గుర్తించాలన్న డిమాండు బలపడి, 2021 ఫిబ్రవరి ఐటీ నిబంధనల్లో చోటు సంపాదించింది. కానీ ఒక సందేశం పుట్టుక తెలియాలంటే ప్రతి సందేశానికీ ముందుగానే గుర్తు వేసిపెట్టుకోవాలి. ఒక దొంగ కోసం ఊళ్లో అందరి ఇళ్ల తాళాలకూ మారుతాళం చేయించి పోలీసు స్టేషన్‌లో పెట్టడం లాంటిది ఇది. అందుకే వాట్సాప్ కూడా ఆ నిబంధన మీద 2021 మేలో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, ఎన్‌క్రిప్షన్‌ను పగలగొట్టమంటే దేశం వదలాల్సి వస్తుందని 2024 ఏప్రిల్‌లో అక్కడే చెప్పింది. ఒక పెద్ద వ్యాపార సంస్థ, మెటాడేటా విషయంలో మనకు ఎదురుగా, ఎన్‌క్రిప్షన్ విషయంలో మన పక్కన నిలబడడం ఈ చర్చలోని చిక్కు, రెంటినీ ఒకేసారి ఒప్పుకోవాల్సిందే. వదంతుల మాటకొస్తే, ఆనాడు గద్వాల జిల్లాలో పోలీసులు జానపద కళాకారులతో ఊరూరా పాటలు పాడించి జనానికి నిజం చెప్పించారు. తాళాలు పగలగొట్టకుండానే పని జరిగింది.

ఇతర యాప్‌ల మాట కొద్దిగా చెబుతాను. టెలిగ్రామ్‌లో గ్రూపు సంభాషణలకు ఈ తాళమే లేదు, ఇద్దరి మధ్య విడిగా తెరిచే సీక్రెట్ చాట్‌కు మాత్రమే ఉంది. దాన్ని అత్యంత గోప్యమైన యాప్‌గా నమ్మేవారు మన దగ్గర చాలామంది ఉండడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. జోహో వారి అరట్టై 2025 సెప్టెంబరు చివర్లో ఒక్కసారిగా పేరు తెచ్చుకున్నప్పుడు మా బృందం దాన్నీ పరిశీలించింది. స్వదేశీ సంస్థ అన్న అభిమానం ఉన్నా, అప్పటికి అందులో కాల్స్‌కు తప్ప సందేశాలకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేకపోవడంతో వద్దనుకున్నాం. బ్రయర్, ఎలిమెంట్ లాంటి, కోడ్‌ను ఎవరైనా చూసి వాడుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ యాప్‌లను మన ప్రభుత్వం 2023 మేలో నిషేధించిన 14 యాప్‌ల జాబితాలో చేర్చింది కనుక వాటి మంచిచెడ్డలు చూసే అవకాశమే లేకుండా పోయింది.

సిగ్నల్ లోపాలు కూడా చిన్నవి కావు. ఖాతా తెరవాలంటే ఫోను నంబరు ఇవ్వాల్సిందే. సిమ్ కార్డు మన గుర్తింపు కార్డుతో ముడిపడిన దేశంలో అది చిన్న షరతు కాదు. 2024 ఫిబ్రవరిలో యూజర్‌నేమ్‌లు వచ్చాక మన నంబరు ఎదుటివారికి కనిపించకుండా దాచుకోవచ్చు, కానీ నమోదుకు నంబరు అవసరం అలాగే ఉంది. ఆ నమోదు ఓటీపీ మీద ఆధారపడడం వల్లనే, 2022 ఆగస్టులో ఎస్సెమ్మెస్‌లు పంపే ట్విలియో సంస్థ మీద జరిగిన మోసంలో సుమారు 1,900 మంది సిగ్నల్ వాడుకరుల నంబర్లు ప్రమాదంలో పడ్డాయి. వారి సందేశాలు, పరిచయస్థుల జాబితాలు మాత్రం బయటపడలేదు, సర్వర్‌లో లేనిది ఎవరికీ దొరకదు కదా. ఫోను పోతే పాత సంభాషణలు పోవడం మరో పెద్ద లోటుగా చాలాకాలం ఉండిపోయింది. ఆండ్రాయిడ్‌లో ఫోనులోనే దాచుకునే బ్యాకప్ ఉన్నా, ఆ ఫోనే పోయినవారికి అది ఉపయోగపడదు. 2025 సెప్టెంబరులో ప్రకటించిన కొత్త బ్యాకప్‌లో రాతపూర్వక సందేశాలూ, గత 45 రోజుల చిత్రాలూ ఉచితంగా భద్రపరుస్తారు, అంతకు మించి కావాలంటే నెలకు 1.99 డాలర్లు. దాని తాళం 64 అక్షరాల పొడవు ఉంటుంది, అది పోగొట్టుకుంటే సంస్థ కూడా తెరవలేదు. మా పెద్దవాళ్లకు ఇది కష్టమే, అయినా ఈ కష్టం లేకుండా ఆ భద్రత రాదని వారికి ఓపికగా చెప్పాను.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే లోపం మాత్రం సిగ్నల్ చేతిలో లేనిది. 2025 అక్టోబరు 20న అమెజాన్ క్లౌడ్ సేవలు (ఇతర సంస్థలకు అద్దెకిచ్చే సర్వర్లు) దెబ్బతిన్నప్పుడు సిగ్నల్ కూడా ఆగింది. ఇంత స్వతంత్రమైన సంస్థ అమెజాన్ మీద నడుస్తోందా అని చాలామంది ఆశ్చర్యపోయారు. ప్రపంచమంతటా క్షణంలో సందేశాలూ కాల్సూ చేర్చగల యంత్రాంగం రెండు మూడు సంస్థల దగ్గరే ఉందని, వేరే దారి లేదని విట్టేకర్ అప్పుడు వివరించింది. యాప్‌ను ఫోనులోకి దించుకునేది గూగుల్, ఆపిల్ దుకాణాల నుంచి. 2024 ఏప్రిల్‌లో చైనా ప్రభుత్వం అడిగిందని ఆపిల్ తన అక్కడి దుకాణం నుంచి వాట్సాప్‌తో పాటు సిగ్నల్‌నూ తీసేసింది. మైక్రోసాఫ్ట్ తన విండోస్ 11లో, తెర మీద కనిపించేదంతా ఫొటోలు తీసి దాచే రీకాల్ అనే సదుపాయాన్ని తెస్తే, దాని నుంచి సంభాషణలను కాపాడడానికి 2025 మేలో సిగ్నల్ తన డెస్క్‌టాప్ యాప్‌లో తెరకు అడ్డుకట్ట వేసుకోవాల్సి వచ్చింది. ఖర్చుల సంగతి చూస్తే, 2023 నవంబరులో వాళ్లు ప్రకటించిన లెక్కల్లో యంత్రాంగానికి అయ్యే ఏడాది ఖర్చు సుమారు 1.4 కోట్ల డాలర్లు, అందులో దాదాపు 60 లక్షల డాలర్లు నమోదు ఓటీపీలు పంపడానికే టెలికాం సంస్థల వైపు పోతున్నాయి. లాభం వద్దనుకున్న సంస్థ కూడా లాభాల సంస్థల నేల మీదే ఇల్లు కట్టుకోవాల్సి వస్తోంది. దీనికి విరాళాలు ఇచ్చేవారు పెరగడం తప్ప నాకు వేరే మార్గం కనిపించడం లేదు, మా బృందం తన సభ్యత్వ రుసుములోంచి ఏటా కొంత పక్కన పెట్టాలని తీర్మానించుకుంది.

ఎన్‌క్రిప్షన్ కాపాడేది దారిని మాత్రమేనని కూడా కొత్తగా చేరేవారు గుర్తుంచుకోవాలి. 2025 మార్చిలో అమెరికా ఉన్నతాధికారులు యెమెన్ మీద దాడుల గురించి సిగ్నల్ గ్రూపులో మాట్లాడుకుంటూ ఒక పత్రికా సంపాదకుడిని పొరపాటున చేర్చుకున్నారు. తాళం ఎంత గట్టిదైనా గదిలోకి పిలిచినవాడు వింటాడు. అలాగే 2021 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు జనాన్ని ఆపి, ఫోన్లు తీసుకుని సంభాషణల్లో గంజాయి అన్న మాట కోసం వెతుకుతున్న వీడియోలు వచ్చాయి. తెరిచి ఉన్న ఫోను చేతిలోకి వెళ్లాక ఏ యాప్ అయినా నిస్సహాయమే.

అందువల్ల మా గ్రూపులో చేరేవారికి నేను దగ్గర కూర్చుని కొన్ని పనులు చేయిస్తాను. ఫోనుకు స్క్రీన్ లాక్ పెట్టిస్తాను, వేలిముద్ర ఒక్కటే చాలదని చెప్పి అంకెలతో కూడా. సిగ్నల్‌లో రిజిస్ట్రేషన్ లాక్ పెట్టిస్తాను, దానితో మన నంబరుకు వచ్చే ఓటీపీ వేరొకరికి దొరికినా పిన్ లేకుండా వారు ఖాతా తెరవలేరు. నంబరు ఎవరికీ కనిపించకుండా సెట్టింగ్ మార్పిస్తాను. గ్రూపు సందేశాలు నాలుగు వారాలకు వాటంతట అవే చెరిగిపోయేలా పెట్టాం కనుక, దరఖాస్తుకు అవసరమైన కాగితాన్ని ఆలోగానే విడిగా భద్రం చేసుకోవాలని గుర్తుచేస్తాను. బ్యాకప్ తాళంలోని 64 అక్షరాలనూ కాగితం మీద తప్పు లేకుండా రాసి, రెండుసార్లు సరిచూసి, ఇంట్లో పాసుపుస్తకం దాచే చోటే దాచమంటాను.